బ్యాటరీ తిన్నదెంత, ఇచ్చిందెంత?

బ్యాటరీ తాను పుచ్చుకున్న కరెంటునంతా తిరిగి ఇవ్వదు. చార్జరు కూడా గోడ ప్లగ్గు నుంచి లాగినదంతా బ్యాటరీకి చేర్చదు. రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది, బ్యాటరీలో కొంత గ్యాసుగా పోతుంది, కొంత ఏ పనీ లేకుండా గంటల తరబడి కారిపోతుంది. చివరికి వాడుకోగలిగిన శక్తిని, దానికోసం మీటరు మీద తిరిగిన శక్తితో భాగిస్తే దక్షత తెలుస్తుంది. నిర్వచనం ఇంతే. ఆ రెండు అంకెలనూ ఎక్కడ కొలవాలి, ఎంతసేపు కొలవాలి, ఏ పరిస్థితిలో కొలవాలి అన్న దగ్గరే చిక్కంతా ఉంది. ఒకే బ్యాటరీకి ఒకరు 95 శాతం అని, మరొకరు 50 శాతం అని చెప్పి, ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు.

ఈ కొలత మీద మనుషుల ప్రాణాలు ఆధారపడిన చోటు గోదావరిఖని, రామగుండం ప్రాంతపు బొగ్గుబాయి. భూగర్భ గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ ముందు ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర ఆగాలి. తన నంబరు లైటు తీసుకుని, బ్యాటరీని నడుం బెల్టుకు తగిలించి, హెడ్‌పీసును టోపీకి బిగించుకుని లోపలికి నడవాలి. షిఫ్టు దిగాక ఆ లైటు మళ్లీ చార్జింగ్ ర్యాకులో తన గడికి చేరాలి. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ నంబరు మనిషి ఇంకా పైకి రాలేదన్న మాట. షిఫ్టు ఎనిమిది గంటలు. మ్యాన్‌వేలో, అంటే కార్మికులు నడిచే దారిలో నడక, పైకి రావడం ఆలస్యం కావడం కూడా లెక్కలోకి తీసుకుంటే లైటు పది గంటలకు తగ్గకుండా వెలగాలి. అందుకే ల్యాంప్ రూమ్‌లో మొదటి ప్రశ్న దక్షత కాదు, కెపాసిటీ. ఈ లైటు రేపు ఎన్ని గంటలు వెలుగుతుంది? దక్షత రెండో ప్రశ్న. అయితే బ్యాటరీ పాడవుతున్న సంగతిని తరచుగా ముందు చెప్పేది రెండో ప్రశ్నే.

టోపీ లైటు వెనక పెద్ద చరిత్ర ఉంది. 1815లో హంఫ్రీ డేవీ తీగవల చుట్టిన నూనె దీపం తయారు చేశాడు. మండే గ్యాసు ఉన్న గనిలో మంటను జాగ్రత్త చేసే ఉపాయం అది. ఆ తరవాత వందేళ్లకు మంటే లేని దీపం వచ్చింది. 1912లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో జెడ్ గని పేలి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదాన్ని చూసిన గని ఇంజనీర్లు జాన్ ర్యాన్, జార్జ్ డైక్ 1914లో మైన్ సేఫ్టీ అప్లయన్సెస్ కంపెనీ పెట్టి, థామస్ ఎడిసన్‌తో కలిసి బ్యాటరీ టోపీ లైటును గనులకు తెచ్చారు. అందులో వాడింది ఎడిసన్ నికెల్-ఇనుము సెల్. చావడానికి ఇష్టపడని మొండి సెల్ అది. దక్షత మాత్రం తక్కువ, తీసుకున్న శక్తిలో సుమారు అరవై శాతమే తిరిగి ఇచ్చేది. సీసం-ఆమ్లం బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్, అంతకంటే పాతది. గాస్తోన్ ప్లాంతే దాన్ని 1859లో కనిపెట్టాడు. భారతీయ గనుల్లో దశాబ్దాల పాటు నడుముకు వేలాడింది ఆ జాతి బ్యాటరీయే. రెండు సెల్స్, నాలుగు వోల్టులు, రెండు కిలోలకు పైగా బరువు. ఇప్పుడు దాని స్థానంలో అరచేతిలో పట్టే లిథియం అయాన్ ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి.

ఈ రెండు లైట్లనూ పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే దక్షత కొలతలో ఉన్న మెలికలన్నీ బయటపడతాయి. ఇక్కడి అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, అయినా ఆ జాతి బ్యాటరీలకు మామూలుగా వచ్చేవే. సీసం లైటు బల్బు ఒక ఆంపియర్ చొప్పున పది గంటలు వెలిగిందనుకుందాం. బ్యాటరీ నుంచి బయటికి వచ్చింది 10 ఆంపియర్-అవర్లు. మళ్లీ నిండడానికి ర్యాకు మీద 11.5 ఆంపియర్-అవర్లు తీసుకుంది. 10ని 11.5తో భాగిస్తే 87 శాతం. దీన్ని ఆంపియర్-అవర్ దక్షత అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ వెలిగేటప్పుడు బ్యాటరీ సగటున 3.95 వోల్టుల దగ్గర కరెంటు ఇచ్చింది. నింపుకునేటప్పుడు సగటున 4.7 వోల్టుల దగ్గర తీసుకుంది. బస్తాలు లెక్కపెట్టి సరిపోయాయనుకుంటే చాలదు, ఒక్కో బస్తా తూకం కూడా చూడాలి. వోల్టులతో హెచ్చిస్తే బయటికి వచ్చింది 39.5 వాట్-అవర్లు, లోపలికి పోయింది 54. అంటే 73 శాతం. వాట్-అవర్ దక్షత అంటే ఇదే. కరెంటు బిల్లు కట్టేవాడికి పనికొచ్చేది కూడా ఇదే.

అక్కడితో ఆగకూడదు. 54 వాట్-అవర్లను బ్యాటరీకి అందించడానికి ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, రెసిస్టెన్సులు ఉన్న పాతరకం ర్యాకు దక్షత 65 శాతం అనుకుంటే, గోడ నుంచి లాగింది 83 వాట్-అవర్లు. గోడ నుంచి బల్బు దాకా మొత్తం చూస్తే 48 శాతం లోపే. అమ్మేవాడు 87 అంటాడు, ప్రయోగశాల 73 అంటుంది, మీటరు 48 అంటుంది. ఏ అంకెలోనూ అబద్ధం లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో చెప్పని అంకెను మాత్రం నమ్మకూడదు.

లిథియం లైటుకు ఎల్‌ఈడీ వల్ల 0.3 ఆంపియర్ చాలు. పది గంటలకు 3 ఆంపియర్-అవర్లు, 3.7 వోల్టుల దగ్గర 11.1 వాట్-అవర్లు. నింపడానికి 3.02 ఆంపియర్-అవర్లు, 3.9 వోల్టుల దగ్గర 11.8 వాట్-అవర్లు. బ్యాటరీ దక్షత 94 శాతం. 85 శాతం దక్షత ఉన్న స్విచింగ్ చార్జరు పెడితే గోడ నుంచి పోయేది 14 వాట్-అవర్లు మాత్రమే. 83 ఎక్కడ, 14 ఎక్కడ! వెయ్యి లైట్ల ల్యాంప్ రూమ్‌లో ఒకసారి అన్నిటినీ నింపడానికి 83 యూనిట్లు పోయేచోట 14 సరిపోతాయి. ఇందులో పెద్ద వాటా ఎల్‌ఈడీది, ఆ తరవాత వాటా చార్జరుది, మిగిలింది బ్యాటరీది. ఘనతంతా బ్యాటరీకే కట్టబెట్టడం సరికాదు. విడివిడిగా కొలిస్తే తప్ప ఎవరి వాటా ఎంతో తేలదు.

సీసం బ్యాటరీలో మిగతా ఆంపియర్-అవర్లు ఎక్కడికి పోయాయన్నది గమనించాల్సిన సంగతి. సెల్ నిండుతున్న కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. సెల్‌కు సుమారు 2.4 వోల్టులు దాటాక వచ్చే కరెంటులో కొంత ప్లేట్ల మీద పని మానేసి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా చీల్చడం మొదలుపెడుతుంది. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే అంటుకుంటుంది. చార్జింగ్ గదికి గాలి ధారాళంగా ఆడాలని, దగ్గర్లో బీడీ వెలిగించకూడదని చెప్పేది అందుకే. ఈ నష్టాన్ని మీటరు లేకుండానే కొలవవచ్చు. ఎందుకంటే ఫారడే సూత్రం ప్రకారం ఒక సెల్‌లో ఒక్క ఆంపియర్-అవర్ వృథా అయితే 0.336 గ్రాముల నీరు చీలిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి గనుక ఆంపియర్-అవర్‌కు రెండు గ్రాములు. ఆ బ్యాటరీలో లీటరు డిస్టిల్ వాటర్ పోయాల్సి వచ్చిందంటే, ఆవిరైన కొద్దిపాటిని మినహాయిస్తే, దాదాపు 500 ఆంపియర్-అవర్లు నీటిని చీల్చడానికే పోయాయి. 14 వోల్టుల చొప్పున అది ఏడు యూనిట్లు. చార్జరు నష్టం దీనికి అదనం. డిస్టిల్ వాటర్ ఎప్పుడు ఎంత పోశారో తేదీతో రాసిపెట్టుకునే ఇల్లు తన చార్జరు ఎంత అతిగా చార్జ్ చేస్తోందో తెలిసిన ఇల్లు. ఏ బ్యాటరీ షాపూ ఈ లెక్క చెప్పకపోవడం విచారకరం.

హైడ్రోమీటర్ కూడా పాత పనిముట్టే, నమ్మదగినదే. ఆమ్లం సాంద్రత నిండు చార్జిలో 1.25 పైన ఉంటుంది, ఖాళీ అయినప్పుడు 1.15 చుట్టుపక్కలకు దిగుతుంది. అది ఎంత చార్జి ఉందో చెబుతుంది గానీ దక్షత చెప్పదు. ఆరు సెల్స్‌లో ఒకటి మాత్రం మిగతావాటికంటే కిందికి నిలిచిపోతుంటే, ఆ ఒక్కదానికోసం మిగతా ఐదింటినీ అతిగా చార్జ్ చేస్తున్నట్టు.

కెపాసిటీ కొలవడానికి ముందు షరతులు నిలబెట్టాలి. 150 ఏహెచ్, అంటే 150 ఆంపియర్-అవర్లు, అని రాసిన ఇంటి ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీకి ఆ అంకె 20 గంటల లెక్కలో ఇచ్చింది. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున లాగితే, 10.5 వోల్టులకు దిగేదాకా 20 గంటలు రావాలి. మూడు ఫ్యాన్లు, టీవీ, లైట్లు కలిపి 30 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం ఐదు గంటలు రావాలి, వచ్చేది నాలుగు లోపే. వేగంగా లాగితే కెపాసిటీ తగ్గుతుందన్న ఈ సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త పోయ్‌కర్ట్ 1897లోనే సూత్రంగా రాశాడు. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ గంట కరెంటు కాలి బూడిద కాలేదు, ఎక్కువ భాగం ప్లేట్ల లోపల ఉండిపోయింది. కాసేపు ఆగి మెల్లగా లాగితే చాలావరకు వస్తుంది. కెపాసిటీ తగ్గడం వేరు, దక్షత తగ్గడం వేరు. వేగంగా లాగినప్పుడు దక్షతలో నిజంగా పడే దెబ్బ, వోల్టేజీ కుంగినంత మేరకే.

వేడి మరో షరతు. సీసం బ్యాటరీల పరీక్షకు మన దేశంలో ప్రామాణికంగా తీసుకునేది 27 డిగ్రీలు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు చూడటం కొత్త కాదు. తెలంగాణలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో ఈ బొగ్గు బెల్టు ఒకటి. ఆ వేడిలో కొలిస్తే బ్యాటరీ కెపాసిటీ ఒకింత ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే రసాయన చర్య చురుకవుతుంది. అదే వేడికి ప్లేట్ల లోపలి కమ్మీలు తుప్పుపట్టి తినుకుపోతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడుతుందన్నది ఈ రంగంలో స్థిరపడిన లెక్క. ఎండాకాలం కొలతను చూసి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు. ఏ కొలతనైనా పక్కన ఉష్ణోగ్రత రాసుకోకుండా దాచుకుంటే అది పనికిరాదు.

పరీక్ష మొదలుపెట్టినప్పుడు బ్యాటరీ ఏ స్థితిలో ఉందో ముగించేటప్పుడూ సరిగ్గా అదే స్థితికి రావాలి. నిండుగా మొదలుపెట్టి, ఖాళీ చేసి, మళ్లీ నిండుగా ముగించాలి. ముగింపులో పది శాతం తక్కువగా నింపి ఆపేస్తే దక్షత ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. ప్రకటనల్లో కనిపించే అద్భుతాల్లో కొన్నిటికి ఇదే మూలం. కొత్త బ్యాటరీ మొదటి రెండు మూడు విడతలను లెక్కలోంచి తీసేసి, నాలుగో విడత నుంచి కొలవడం మంచిది.

పనిముట్ల విషయంలో ఏసీ వైపున ఎక్కువ జాగ్రత్త కావాలి. మల్టీమీటరుతో 230 వోల్టులు, ఒక ఆంపియర్ అని చూసి 230 వాట్లు అని రాసుకుంటే తప్పు. చౌక చార్జర్లు కరెంటును అలల శిఖరం దగ్గర మాత్రమే చప్పున లాగుతాయి, అందువల్ల పవర్ ఫ్యాక్టర్ తక్కువ. అదే చార్జరు నిజానికి తీసుకునేది 130 వాట్లే కావచ్చు. అసలైన వాట్లను కొలిచే మీటరే వాడాలి. ప్లగ్గుకు, చార్జరుకు మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్లు ఇంటి అవసరానికి సరిపోతాయి. డీసీ వైపున కరెంటును షంట్ మీద కొలుస్తారు. మన దగ్గర మామూలుగా దొరికే 100 ఆంపియర్ల షంటు నిండు కరెంటుకు 75 మిల్లీవోల్టులు ఇస్తుంది. 30 ఆంపియర్లకు వచ్చేది 22.5 మిల్లీవోల్టులు. అర మిల్లీవోల్టు తేడా పడినా రెండు శాతం తప్పు. వోల్టేజీని చార్జరు దగ్గర కాకుండా బ్యాటరీ టెర్మినళ్ల మీదే కొలవాలి, లేకపోతే కేబుల్లో పోయింది బ్యాటరీ ఖాతాలో పడుతుంది. సెకనుకోసారి వోల్టులు, ఆంపియర్లు హెచ్చించి కూడుకుంటూ పోయే లాగర్ ఉంటే అన్నిటికంటే మేలు.

లిథియం బ్యాటరీల్లో ఈ కొలత ఇంకా సున్నితమైంది. వాటి ఆంపియర్-అవర్ దక్షత 99 శాతం పైనే ఉంటుంది గనుక ఒక శాతం తప్పు చేసే మీటరు అక్కడ దండగ. ఒక్కో విడతకు 99.9 శాతం దక్షత ఉండి, ఆ లోటంతా తిరిగిరాని నష్టమే అయితే, వెయ్యి విడతల తరవాత మిగిలేది 37 శాతం. 99.99 అయితే 90 శాతం. దశాంశం తరవాత ఒక్క తొమ్మిది మీద బ్యాటరీ ఆయుష్షు నిలబడి ఉంది. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం ఈ దశాంశాలను నమ్మకంగా కొలిచే చార్జర్లను తయారు చేసుకుంది. కొత్త సెల్ ఎన్నేళ్లు బతుకుతుందో ఏళ్ల తరబడి వేచి చూడకుండా కొన్ని వారాల్లో అంచనా వేసే దారి దానివల్ల దొరికింది.

చార్జరు దక్షతను చార్జింగ్ జరుగుతున్నంతసేపే కొలిస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. ఇంట్లో ఇన్వర్టర్ రోజంతా ప్లగ్గులోనే ఉంటుంది. బ్యాటరీ నిండాక కూడా దాన్ని నిండుగా ఉంచడానికి, తన సర్క్యూట్‌ను మేల్కొలిపి ఉంచడానికి కొన్ని వాట్లు లాగుతూనే ఉంటుంది. అది 15 వాట్లు అనుకుందాం. రోజుకు అరగంట కరెంటు పోయి, బ్యాటరీ 100 వాట్-అవర్లు ఇచ్చింది. వాటిని తిరిగి నింపడానికి, బ్యాటరీ దక్షత 75, చార్జరు దక్షత 80 చొప్పున 167 వాట్-అవర్లు పట్టాయి. మిగిలిన 23 గంటల పహారాకు 345. మొత్తం 512 ఖర్చుపెట్టి 100 వాడుకున్నట్టు. ఇరవై శాతం కూడా లేదు. డీసీని మళ్లీ ఏసీగా మార్చడంలో పోయేది ఇందులో కలపనే లేదు. కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇదే ఇన్వర్టర్ దక్షత మెరుగ్గా కనిపించేది, ఎందుకంటే పహారా ఖర్చు ఎక్కువ పనిమీద పంచుకుపోయేది. కోతలు తగ్గాక అసలు ఖర్చు పహారాదే అయింది.

ఈ సంగతిని గుర్తించే అమెరికాలో చార్జర్ల పరీక్షను కనీసం 24 గంటల పరీక్షగా పెట్టారు. ఖాళీ బ్యాటరీని తగిలించి, అది నిండే సమయం, నిండాక ప్లగ్గులో ఉన్న సమయం అంతా కలిపి గోడ నుంచి పోయిన శక్తిని కొలుస్తారు. బ్యాటరీ తీసేసి ఖాళీ చార్జరు ఎంత లాగుతుందో విడిగా చూస్తారు. తరవాత బ్యాటరీని ఐదు గంటల లెక్కలో ఖాళీ చేసి బయటికి వచ్చిన శక్తిని కొలుస్తారు. కాలిఫోర్నియా 2013లోనూ, అమెరికా కేంద్ర ప్రభుత్వం 2018లోనూ ఈ కొలతల ఆధారంగా పరిమితులు అమలు చేశాయి. మన ఇంటి ఇన్వర్టర్ పెట్టె మీద ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు లాగుతుందో రాసి ఉండటం అరుదు. ఫ్రిజ్ మీద నక్షత్రాలు చూసి కొనే కుటుంబానికి ఇన్వర్టర్ మీద ఆ సమాచారం అందకపోవడం అన్యాయం.

ఊరంత బ్యాటరీలకూ ప్రశ్న ఇదే. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. ఎండ ఉన్నప్పుడు పుట్టిన కరెంటును రాత్రికి దాచాలంటే నిల్వ కావాలి. సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సెకీ) 2022లో పిలిచిన 1000 మెగావాట్-అవర్ల బ్యాటరీ టెండర్లో, ఏసీ వైపు నుంచి ఏసీ వైపుకు, నెల మొత్తం లెక్కలో కనీసం 85 శాతం దక్షత ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతులో రెండు మాటలు ముఖ్యం. ఏసీ నుంచి ఏసీకి అంటే చార్జరు, ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు వేటినీ బయట పెట్టనివ్వరు. నెల మొత్తం అంటే పహారా గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాల్లో ఉన్నట్టు నీటిని వెనక్కి ఎత్తి మళ్లీ దించే పద్ధతికి ఈ దక్షత సాధారణంగా 75 నుంచి 80 శాతం.

ఇంట్లో కొలుచుకోదలచినవారికి ప్లగ్గు మీటరు ఒకటి, డీసీ వాట్-అవర్ మీటరు ఒకటి, ఒక సెలవు రోజు చాలు. బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి, మెయిన్ ఆపి, రోజూ వాడే ఫ్యాన్లు, లైట్ల మీదే నడిపి, 10.5 దాకా దిగనివ్వకుండా 11.5 వోల్టుల దగ్గరే ఆపేసి, బయటికి వచ్చిన వాట్-అవర్లు రాసుకోవాలి. తిరిగి చార్జింగ్ పెట్టి మరుసటి రోజు అదే వేళదాకా ప్లగ్గు మీటరు చూపిన అంకె రాసుకోవాలి. ఉష్ణోగ్రత, తేదీ పక్కన వేసి, ఆరు నెలలకోసారి అదే పద్ధతిలో మళ్లీ చేయాలి. బయటికి వచ్చే అంకె తగ్గుతూ లోపలికి పోయే అంకె తగ్గకపోతే బ్యాటరీ ముసలిదవుతోంది. బయటికి వచ్చేది మారకుండా లోపలికి పోయేది పెరుగుతుంటే చార్జరును అనుమానించాలి. గ్యారంటీ గడువు ముగియకముందే ఈ రెండు అంకెలు కాగితం మీద ఉంటే షాపులో వాదన వేరుగా సాగుతుంది.

థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు పుట్టడానికి సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలాలి. పైన చెప్పిన 15 వాట్ల పహారా నెలకు పది యూనిట్లకు పైగా తింటుంది, అంటే ఇంటికి ఆరేడు కిలోల బొగ్గు. ఇన్వర్టర్ కొనేటప్పుడు ఏహెచ్ ఎంత, గ్యారంటీ ఎన్ని నెలలు అని అడగడంతో పాటు, బ్యాటరీ నిండాక ఇది ఎన్ని వాట్లు లాగుతుందని కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే ప్లగ్గు మీటరు పెట్టి చూపించమనండి.